పన్నీరు బుడ్డి కాదు

1944లో నేను హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక ఫోటో స్టూడియోలో ఫినిషర్‌గా పనిచేసేదాన్ని. ఫినిషర్ అంటే ఫోటో తీసే మనిషి కాదు. తీసిన ఫోటోను పెద్దది చేశాక, ముఖం మీది మచ్చలు మాపి, వెనకాల మబ్బులాంటి నీడ పట్టించే మనిషి. ఈ పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయాక ఆయన స్టూలు మీదే కూర్చున్నాను. సుబేదారి నుంచి నడిచొచ్చే రూతమ్మ అనే ఆడమనిషి రంగుల మిషను పట్టుకుంటుందట అని చూడ్డానికే కొందరు వచ్చేవాళ్ళు. చూసి పొమ్మనేదాన్ని.

ఆ మిషను పేరు ఎయిర్‌బ్రష్. లావుపాటి కలంలా ఉంటుంది. నెత్తిన చిన్న గిన్నె, అందులో రంగు. వెనక నుంచి గొట్టం ద్వారా గాలి వస్తుంది. మాకు ఆ గాలి లారీ టైరు ట్యూబులోంచి వచ్చేది. సైకిలు పంపుతో దాన్ని నింపుకోవాలి. కలం లోపల పొడవునా నీడిల్ అనే సూది, దాని ముందు నాజిల్ అనే బుల్లి మూతి ఉంటాయి. నాజిల్ కన్నం ఎంత సన్నమంటే వెలుతురుకు పెట్టి చూస్తే గానీ కనిపించదు. పనితనమంతా ఆ కన్నంలోనే ఉంది.

స్టూడియోలో రెండు ఎయిర్‌బ్రష్‌లు ఉండేవి. ఒకటి సింగిల్ యాక్షన్, మీట నొక్కితే గాలీ రంగూ కలిసి వచ్చేస్తాయి. పరదాల మీద కొండలూ మేఘాలూ కొట్టడానికి అది. రెండోది డబుల్ యాక్షన్. నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఎంత లాగితే అంతే వస్తుంది. కనుబొమ్మ మీద ఒక్క వెంట్రుక గీయాలన్నా అదే. యుద్ధానికి ముందు మా యజమాని విశ్వనాథం సేటు బొంబాయి నుంచి తెప్పించాడు. యుద్ధం మొదలయ్యాక ఇంగ్లండు నుంచి విడిభాగాలు రావడం ఆగిపోయింది. పాడైతే పాడైనట్టే.

బజారులో ఎవరూ దాన్ని ఎయిర్‌బ్రష్ అనేవాళ్ళు కాదు. "పన్నీరు బుడ్డి" అనేవాళ్ళు. పెళ్ళిళ్ళలో అతిథుల మీద పన్నీరు చిలకరిస్తారే, అది. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వే పాపమైందని తర్వాత అనిపించింది.

ఒక శనివారం కాజీపేట రైల్వే షెడ్డు నుంచి మొగిలయ్య అనే ఫిట్టరు వచ్చాడు. గుడ్డలో చుట్టిన వస్తువును నా బల్ల మీద పెట్టి విప్పాడు. మూరెడు పొడవు రైలింజను. ఇత్తడి, రేకు కలిపి చేశాడు. రివెట్లు ఆవగింజల్లో సగం. చక్రం తిప్పితే పక్కనున్న రాడ్లు అసలింజనుకు ఆడినట్టే ముందుకూ వెనక్కూ ఆడుతున్నాయి.

"బొమ్మ బలే చేసినవ్ తమ్మీ," అన్నాను.

"బొమ్మ గాదక్కా, నమూనా," అన్నాడు. అని తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. రెండు వేళ్ళు లేవు. షెడ్డులో రైలుపెట్టెల్ని కలిపే కప్లింగు మధ్య నలిగిపోయాయట. "ఇగ నువ్వు పనికి రావు, ఇంటికి పో అంటాన్రు. ఈ చెయ్యితోనే సన్నపు పని చేస్తనని షెడ్డు పెద్దసాబుకు సూపియ్యాలె. గురువారం అత్తాండు. టూల్ రూములో ఏసుకుంటే నా పిల్లలు బతుకుతరు."

టూల్ రూమంటే షెడ్డులో కొలత పరికరాలు బాగుచేసే గది. అక్కడికి బలం కన్నా చేతి నేర్పు ముఖ్యం. అతని లెక్క సరైనదే. అయితే రంగు వెయ్యని ఇంజను గిన్నెలు చేసేవాడి పనిలా ఉంది. మామూలు కుంచెతో వేస్తే చారలు పడతాయి, రివెట్లు పూడిపోతాయి, అన్నిటికన్నా ముఖ్యం రాడ్ల కీళ్ళలోకి రంగు దిగి బిగుసుకుపోతాయి. కదలని ఇంజను నిజంగానే బొమ్మ. అందుకే సన్నపు డబుల్ యాక్షన్‌తోనే వెయ్యాలని నిశ్చయించి, సోమవారం మొదలుపెడదామని చెప్పి పంపాను.

సోమవారం ఎయిర్‌బ్రష్ పెట్టె తెరిస్తే నా కళ్ళు చెదిరాయి. బంగారంలా మెరుస్తోంది. ఎవరు ఇంత శుభ్రం చేశారా అని మురిసిపోయాను కూడా. మొగిలయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. నల్లరంగును టర్పెంటైనులో పాలంత పలచగా కలిపి, గిన్నెలో పోసి, పాత అట్ట మీద పరీక్షకు లాగాను. గాలి వచ్చింది, రంగు రాలేదు. ఇంకాస్త లాగితే తుప్పుమని ఉమ్మింది. అట్ట మీద ఈగలు వాలినట్టు మరకలు.

నీడిల్ వెనక్కి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధం వాసన! గంధం, గులాబీ అత్తరు. నాజిల్ ఊడదీసి వెలుతురుకు పెట్టి చూస్తే కన్నం గుండ్రంగా లేదు. ఒక పక్కకు చీలి, బాకా మూతిలా విచ్చుకుంది.

సేటును పిలిచాను. ఆయన తాపీగా వచ్చాడు.

"ఆదివారం మా తమ్ముని బిడ్డ లగ్గముండె గద. ఇంట్లోల్లు పన్నీరు బుడ్డి అడిగిన్రు. ట్యూబుతోని సహా తీస్కపోయిన్రు. ఏం కొట్టింది రూతమ్మా! వచ్చినోల్లంత వాహ్వా అన్నరు."

"పన్నీరులో గంధం కలిపిన్రా?"

"కలపకుంటే వాసనెట్లొస్తది?"

"మరి ఈ మూతి చీలిందేంది సేటూ?"

"నడుమల బందైతే మా రాజమ్మ కుట్టుసూదితోని పొడిచింది. పొద్దుగాల చింతపండు, బూడిద పెట్టి తోమింది కూడ. సూడు, ఎట్ల మెరుస్తాందో!"

రాజమ్మ ఆయన భార్య. పూజగిన్నెలు తోమినట్టే తోమింది. ఆమె మీద నాకు కోపం లేదు. పన్నీరు బుడ్డి అని చేతికిస్తే పన్నీరు బుడ్డిలాగే కడిగింది. కానీ సేటుకు తెలుసు. ఆ నాజిల్ మళ్ళీ దొరకదని తెలుసు. ఆదివారం నేను చర్చికి పోయిన పూట చూసి, నా బల్ల సొరుగు తీసి, నన్నొక్క మాట అడక్కుండా ఇచ్చేశాడు. పైన పటారం, లోన లొటారం అంటారే, అదిగో అలా తయారుచేసి నా చేతికిచ్చి, మెరుపు చూడమంటున్నాడు!

ఎయిర్‌బ్రష్ కడగడమంటే బయట తోమడం కాదు. రంగు మారినప్పుడల్లా టర్పెంటైను పోసి, తెల్లగా వచ్చేదాకా ఊదాలి. నీడిల్‌ను వెనక నుంచి తీసి, మెత్తని గుడ్డలో తిప్పుతూ మొనవైపుకు తుడవాలి. నాజిల్ పూడితే నానబెట్టాలి, మెత్తటి కుంచె వెంట్రుకతో కదిలించాలి. ఇనుము తగలనివ్వకూడదు. గంధం టర్పెంటైనులో కరగదు, దానికి గోరువెచ్చని నీళ్ళు కావాలి. నానబెట్టి గంధమంతా తీశాను. చీలికను మాత్రం ఎవరు పూడుస్తారు?

"గురువారం ఈ మనిషి బతుకు తేలుతది సేటూ. దేనితోని ఎయ్యాలె నేను?"

"బొమ్మకు రంగేసుడానికి గింత లొల్లెందుకు? కుంచెతోని పూసెయ్యరాదా? ఫికర్ చెయ్యకు," అని గల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలచుకున్నా మండుతుంది. మొగిలయ్య మాత్రం గొంతు ఎత్తలేదు. "అక్కా, పరదాలకు కొట్టేది ఇంకోటున్నది గద?" అన్నాడు.

ఉంది. కానీ దానికి సన్నం, లావు తెలియవు. వదిలితే వర్షమే. అందుకని రాడ్లన్నీ ఊడదీయమన్నాను. అతను మిగిలిన మూడు వేళ్ళతో, నువ్వుగింజంత మరలను ఒక్కటీ కింద పడకుండా విప్పి, వరసగా తెల్లగుడ్డ మీద పేర్చాడు. ఇరుసు కన్నాల్లో, కీళ్ళలో కొవ్వొత్తి మైనం కూరాం. దుమ్ము లేవకుండా వెనక వసారాలో నీళ్ళు చల్లి, ఇంజనును పెట్టి, చేయి చాచినంత దూరంలో నిలబడి, ఆపకుండా పక్కకు కదుపుతూ పొగమంచులా కొట్టాను. ఒకచోట క్షణం ఆగితే రంగు కారుతుంది. పలచని పొర, ఆరనివ్వడం, మళ్ళీ పొర. బుధవారం దాకా అదే పని. నా ఫోటోలన్నీ అలాగే పడి ఉన్నాయి. సేటు గొణిగాడు, గొణగనిచ్చాను. చివరికి మైనం తీసి, రాడ్లు బిగించి, మొగిలయ్య వేలితో చక్రం తిప్పాడు. ఎక్కడా పట్టలేదు. రివెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి.

శుక్రవారం వచ్చి జరిగింది చెప్పాడు.

"సాబు ముందుగాల 'ఖిలోనా' అని, ఉత్త బొమ్మనుకొని పక్కకు పెట్టిండక్కా. నా పానం పోయింది. 'నమూనా సాబ్, జర తిప్పి సూడున్రి' అన్న. తిప్పిండు. రాడ్లు ఆడినయ్. అద్దాలు పెట్టుకొని మల్ల తిప్పిండు. 'ఏ చెయ్యితోని చేసినవ్' అన్నడు. సూపిచ్చిన. సోమారం నుంచి టూల్ రూముకు రమ్మన్నడు."

చెప్తూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

సేటు ఏం చేశాడంటే, ఆ ఇంజను ఫోటో అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ "మా స్టూడియో పనే" అని చెప్పుకున్నాడు. నాజిల్ సంగతి ఎత్తలేదు, తప్పైందనలేదు. యుద్ధం అయిపోయి కొత్తది వచ్చేదాకా నేను కనుబొమ్మలన్నీ కుంచెతోనే గీశాను. పైగా మాఘమాసం లగ్గాలు మొదలుకాగానే మళ్ళీ సేటు కబురు: "రూతమ్మా, ఆ పన్నీరు బుడ్డి ఇంకోటున్నది గద, జర ఇయ్యి."

ఆ రోజుతో నాకు ఒకటి తెలిసొచ్చింది. పనిముట్టును శుభ్రం చేయడం పేరు దగ్గర మొదలవుతుంది. ఎవరైనా తప్పు పేరుతో పిలిచినప్పుడు నవ్వి ఊరుకుంటే, రేపు ఆ పేరుకు తగ్గ పనికే దాన్ని వాడతారు. మొగిలయ్య ఆ సంగతి నాకన్నా ముందే ఎరుగును. అందుకే సాబు ముందు కూడా "నమూనా" అనే మాట వదల్లేదు.

సేటు కబురు గురించి అతనికి కోపంతో చెప్పాను. విని షెడ్డుకు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు గుడ్డలో చుట్టి ఇంకో వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇత్తడితో చేసిన అసలైన పన్నీరు బుడ్డి, సన్నని మెడ, మూతికి చిన్న చిన్న కన్నాలు.

"లగ్గాలకు గిది ఇయ్యక్కా," అన్నాడు. "సూదితోని పొడిచినా ఏం గాదు. చింతపండు పెట్టి తోమినా ఏం గాదు."

దాన్ని తలుపు పక్కన మేకుకు తగిలించాను. ఆ తర్వాత ఎవరు వచ్చి పన్నీరు బుడ్డి అడిగినా, లేవకుండానే అటు చూపించేదాన్ని.