నల్లబెల్లం దిమ్మ

నల్లగా ఉన్నదాన్ని దాచుకోవాలని మనకెవరు నేర్పారో ఇప్పటికీ తెలియదు.

వడ్డాదిలో బెల్లం వండే సన్యాసమ్మ, తన సరుకును ఫోన్లలో చూపించి అమ్ముకుందామని చోడవరంలో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోను ఒక్క రోజుకు మాట్లాడుకుంది. సాయంత్రంలోగా పది వీడియోలు అవ్వాలి. కేలండరు కాగితం వెనక వరస రాసుకొచ్చింది. లైట్ల వేడికి చెమర్చకముందే బెల్లం దిమ్మ, ఆ తర్వాత మాటలు, చీర మార్చుకుని చివర్లో పాకం.

మొదటి వీడియోకే స్టూడియో సత్యారావు ఆమె నల్లదిమ్మను పక్కకు జరిపి, బజారులో కొన్న పసుప్పచ్చ దిమ్మ పెట్టాడు.

“ఇదేటి బాబూ?”

“నలుపు వీడియోలో బాగోదు పిన్నీ. సూసినోళ్ళు కొనాలి కదా!”

“మందేసి పచ్చగా సేసిందాన్ని సూపించి, నాది అమ్ముకోమంటావేటి? నా బెల్లం నలుపే. అలాగే తియ్యి.”

“ఒక్కరూ కొనరు.”

“కొనకపోతే మానీమను! ముందు నీ లైటు ఇటు తిప్పు.”

సాయంత్రానికి పదీ అయ్యాయి. పదింటిలోనూ నల్లదిమ్మే. సత్యారావు చివరిది చూసుకుంటూ, “పిన్నీ, ఓ ముక్క పెట్టు” అని చెయ్యి చాచాడు. తలెత్తేసరికి బల్లమీద పసుప్పచ్చ దిమ్మ ఒక్కటే ఉంది. సన్యాసమ్మ తనది సంచిలో వేసుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది.