రెండో జత తెల్లబట్టలు

దేవరాజు తెల్లబట్టలంటే అతని భార్య హెలెన్‌కు ఒళ్లు మంట. ఉతికేది ఆమె, గంజి పెట్టేది ఆమె, నీలిమందులో ముంచి ఆరేసేది ఆమె. ఇంత చేసినా ఇస్త్రీ మడత నలిగితే మాట పడేది కూడా ఆమే. ఆ బట్టలు ఆరేసిన తీగ వైపు ఆమె చూసే చూపుకు అవి ఎందుకు కాలిపోలేదో!

పెళ్లినాటికి దేవరాజు వేరే మనిషి. ప్రొద్దుటూరులో బాడుగ సుమో నడిపేవాడు. చిలకపచ్చ చొక్కా, దాని మీద చేటంత మందార పూలు, పైన రెండు గుండీలు ఎప్పుడూ ఊడే ఉండేవి. మెడలో ఎర్ర కర్చీఫు. వాళ్ల నాయన జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో బతుకంతా ఖాకీ తొడిగాడు. అందుకే కొడుక్కి రంగులంటే అంత పిచ్చి. ఆదివారం చర్చికి కూడా ఆ పూలతోనే వచ్చేవాడు. పెద్దవాళ్లు ఛీ అన్నారు. హెలెన్ మాత్రం ఆ చొక్కా చూసే మనసు పడింది. ఇప్పుడు అడిగితే చచ్చినా ఒప్పుకోదనుకోండి.

ఆ తర్వాత చెన్నన్న తగిలాడు. అసలు పేరు బాలచెన్నారెడ్డి. పులివెందుల దగ్గర చీనీ తోటలు, రోడ్డు కాంట్రాక్టులు, దాయాదులతో ఎప్పటినుంచో పగ. ఒకరోజు సుమో దిగుతూ దేవరాజును కిందనుంచి పైదాకా చూశాడు.

"నా పొడుగే ఉండావు గదప్పా. ఆ పూల చొక్కా పారేసి నా దగ్గర చేరు," అన్నాడు.

చేరిన మొదటి వారమే ప్రొద్దుటూరులో బట్టల అంగడికి తీసుకుపోయి, తెల్లగుడ్డ తాను ఒకటి దింపించి, పక్కవీధిలో దర్జీ యూనుస్ ముందు పెట్టాడు. "ఇందులోనే నాకో జత, వీనికో జత. గుండీ కూడా తేడా రాగూడదు."

"ఈయన సన్నంగా ఉండాడన్నా," అన్నాడు యూనుస్.

"నా కొలతే పెట్టు. తిని నిండుతాడులే."

ఆ సీమలో నాయకుడు తెలుపే వేస్తాడు, వెంట తిరిగేవాళ్లూ తెలుపే వేస్తారు. కాని ఆయన గుడ్డ వేరు, వీళ్ల గుడ్డ వేరు. ఒకే తానులోంచి డ్రైవరుకు చొక్కా చింపించిన నాయకుణ్ణి ఎవరూ చూడలేదు. దేవరాజుకు కళ్లనీళ్లు తిరిగాయి. "మా నాయనను చెన్నన్న వాళ్ల ఇంటి అరుగు ఎక్కనీలేదు మేయ్. ఈ పొద్దు ఆయన తానులో నాకు చొక్కా!" అని హెలెన్‌కు పదిసార్లు చెప్పాడు. పాపం, ఆ చొక్కాను అతను గౌరవం అనుకున్నాడు. అక్కడే మునిగాడు.

తర్వాత చెన్నన్న మీసం లాంటి మీసం వచ్చింది. చెన్నన్న కళ్లజోడు లాంటి జోడు, అదే బంగారు గొలుసు వాచీ, అవే చెప్పులు. కొన్నాళ్లకు "నువ్వింగ స్టీరింగు పట్టొద్దు, ఎనక సీట్లో కూర్చో" అన్నాడు చెన్నన్న. దేవరాజు అద్దం దించుకుని, పేపరు పట్టుకుని దొరలా కూర్చున్నాడు. చెన్నన్న మాత్రం గళ్ల లుంగీ, మాసిన నీలం చొక్కాతో పాత జీపులో అర మైలు వెనక వచ్చేవాడు.

"ఆయప్ప ఎందుకు రంగు చొక్కా ఏస్కుంటాండాడు? నిన్నెందుకు ముందర పంపిస్తాండాడు?" అని హెలెన్ నిలదీసింది.

"నీకు కుళ్లు. మొగుడు పైకొస్తే ఓర్వలేవు!"

ఒకరోజు ముద్దనూరు రోడ్డులో, పట్టపగలు, దాయాదుల మనుషులు కారుకు ట్రాక్టరు అడ్డం పెట్టారు. కొత్త డ్రైవరు తలుపు తీసి పారిపోయాడు. నలుగురు దేవరాజు కాలరు పట్టి బయటికి ఈడ్చారు. వేటకొడవలి పైకి లేచింది. దేవరాజు నోట ప్రార్థన కూడా రాలేదు. ఇంతలో ఒకడు అతని కళ్లజోడు పీకి చూశాడు.

"థూ! వీడు చెన్నడు కాదురా! జమ్మలమడుగు దేవరాజు గాడు!"

"వీణ్ణి నరికి జైలుకెవుడు పోతాడు?"

చెంప మీద ఒక్కటి కొట్టి, తెల్లచొక్కా మీద ఉమ్మేసి వెళ్లిపోయారు. వెనక జీపు కోసం దేవరాజు చూశాడు. రాలేదు. ఎప్పుడో వెనక్కి తిరిగిపోయింది.

పులివెందులలో చెన్నన్న ఇంటి ముంగిట్లోకి పోయేసరికి ఆయన పదిమందితో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"యాడన్నా తగిలిందా?"

"లేదన్నా."

"మంచిదే. చొక్కా చినిగినట్టుందే. యూనుస్ దగ్గర ఇంగో జత కుట్టిచ్చుకో. ఎల్లుండి కడపకు పోవాల."

"వాళ్లు కాచుకోనుండారని నీకు తెలుసునా అన్నా?"

చెన్నన్న గ్లాసు కింద పెట్టాడు. "తెలీకుంటే నా తానులో నీకెందుకు చింపిస్తానప్పా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దేవరాజు చొక్కా విప్పి ఆయన కాళ్ల దగ్గర కొట్టాడు. వాచీ విసిరాడు. "నీ మొగానికి నా ప్రాణం కావాల్సొచ్చెనా!" అని అరిచి, బనియన్‌తోనే జమ్మలమడుగు బస్సెక్కాడు.

హెలెన్ సంగతంతా విని, మొగుణ్ణి రెండు చేతులతో దబదబా బాది, ఆ తర్వాత ఏడ్చింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి మందార పూల చొక్కా తీసి మొహాన విసిరింది. తొడిగితే గుండీలు అందలేదు. చెన్నన్న కొలతకు తిని నిండాడు మరి! ఆ పొట్టను చూసుకుంటే దేవరాజుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ సాయంత్రమే మీసం గొరిగేశాడు.

వారం తర్వాత ఆ పూల చొక్కా పక్కలు వదులు చేయించడానికి యూనుస్ దగ్గరికి పోయాడు. బల్ల మీద తెల్లచొక్కాలు రెండున్నాయి. ఒకే గుడ్డ, ఒకే కొలత.

"రెండోది ఎవురికి?"

యూనుస్ తల ఎత్తలేదు. "పెండ్లిమర్రి మనిషి, కొత్తగా చేరినాడు. ఒకే తానంట అని నా చెయ్యి పట్టుకోని చెప్పినాడప్పా. శానా సంబరపడతాండాడు."

"వానికి చెప్పలేదా నువ్వు?"

"నీకు చెప్పినానా?"

దేవరాజుకు ఆ గొంతు పట్టి పిసికేయాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యి ఆ రెండో చొక్కా మీద పడింది. దానికింకా గుండీలు కుట్టలేదు.

"దీనికి ఎర్ర గుండీలు కుట్టు."

"అన్న నన్ను బతకనీడు!"

"తేడా వచ్చిందని వాణ్ణి తరిమేస్తాడు. తరమనీ. తరమకుంటే కొడవలి పట్టినోనికైనా తేడా తెలుస్తాది. కుట్టు."

యూనుస్ అతని బోడి పెదవి వైపు చూశాడు. తర్వాత గుండీల డబ్బా దగ్గరికి లాక్కుని వెతికాడు.

"ఎరుపు లేవప్పా. నల్లవుండాయి."

"కుట్టు. నేనీడనే కూర్చుంటా," అన్నాడు దేవరాజు, స్టూలు లాక్కుంటూ.