అక్కకు మిగిలిన ఎండాకాలం

ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఊళ్ళో చప్పుడు లేకుండా నడిచేవి. మా ఊరు బోథ్ పోయే బాటలో ఉండేది. జొన్నరొట్టె తిని మగవాళ్ళు చెట్ల కింద తువ్వాల పరుచుకొని పడుకునేవారు. ఆడవాళ్ళు అరుగుల మీద ఒరిగేవారు. కుక్కలు బండి నీడ వెతుక్కునేవి. ఆ వేళప్పుడు పిల్లలు ఎక్కడున్నారని ఎవరూ అడిగేవారు కారు. అట్లా అడగకపోవడాన్ని ఇప్పుడు నిర్లక్ష్యం అంటారు. డెబ్బైల నాటి ఆ ఊళ్ళో దానికి ఏ పేరూ లేదు.

మేము బావిలో ఉండేవాళ్ళం.

అది మా చేని మధ్యలో ఉన్న పెద్ద మోటబావి. కరెంటు మోటారు వచ్చాక ఎడ్లకు నీళ్ళు తోడే పని తప్పింది. అవి మోట గుంజిన చోట బండలు పరిచిన ఎత్తైన గట్టు మాత్రం మిగిలింది. మగపిల్లలు ఆ గట్టు మీది నుంచి ఎగిరి దుంకేవారు. బావికి ఒకవైపు మెట్లు, మిగతా మూడు వైపులా రాతి గోడ. గోడ సందుల్లో పావురాలుండేవి. పైన తుమ్మకొమ్మలకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లేవి. కింది మెట్టు మీద కూర్చొని తల ఎత్తితే ఆ గూళ్ళ నడుమ ఆకాశం చిన్న ముక్కగా కనిపించేది. నీళ్ళు పైన గోరువెచ్చగా, మోకాలు దాటితే చల్లగా ఉండేవి. కళ్ళు మూసుకుంటే ఆ రెండు నీళ్ళూ ఇప్పటికీ నా కాళ్ళకు తెలుస్తాయి.

ఆ ఏడు అక్కకు పన్నెండు దాటాయి. నాకు ఎనిమిదో తొమ్మిదో. నాకప్పటికే ఈత వచ్చు. చిన్నప్పుడే నీళ్ళలో పడేశారు, భయం పుట్టేలోపే తేలాను. అక్కకు మాత్రం రాలేదు. రెండు ఎండాకాలాలు మెట్ల మీద కూర్చొని మా బట్టలకు కాపలా కాసింది. మా ఊళ్ళో అమ్మను అవ్వ అనేవాళ్ళం. మూడో ఎండాకాలం మొదట్లోనే అవ్వ ఆమెకు మాట చెప్పేసింది.

"గీ ఎండకాలమే నీకు. మిరుగం రాంగనే వోణీ గడ్తవ్. వోణీ గట్టినంక బాయి దిక్కు పోయినవంటే కాళ్ళిరగ్గొడ్త."

"మరి ఈత రాకముందే వానలు పడితే?" అంది అక్క.

"రాకపోతే రాలే. ఈతొచ్చినోళ్ళు ఏం ఏలుతున్నరు?"

మిరుగమంటే తొలివానల కార్తె. దానికి ముందు ఒక్కసారి మగపిల్లల లాగా గట్టు మీది నుంచి దుంకాలని అక్క పట్టు. ఎందుకని అడిగితే "దుంకాలె" అనేది, అంతే.

మా నాన్నను బాపు అని, ఆయన తమ్ముణ్ణి కాక అని పిలిచేవాళ్ళం. ఊళ్ళో సగం మంది పిల్లలకు ఈత నేర్పింది ఆయనే. ఎండిన ఆనపకాయ బుర్రను తాడుతో వీపుకు కట్టి నీళ్ళలోకి వదిలేవాడు. గట్టిగా మూసి ఉన్న బుర్ర మనిషిని మునగనీయదు. కదిలినప్పుడల్లా లోపల ఎండిన గింజలు గలగలమనేవి. ఆ చప్పుడు వినబడినంతసేపూ అక్క చేతులాడించేది. బుర్ర పట్టు తప్పినట్టనిపిస్తే చాలు, గోడ పట్టుకొని మెట్ల దగ్గరికి వచ్చేసేది.

సెలవులకు కరీంనగర్ నుంచి మేనత్త కొడుకు వచ్చాడు. అక్క కన్న ఏడాది పెద్ద, అందుకని మా ఇద్దరికీ బావ. గట్టు మీది నుంచి వెల్లకిలా కూడా దుంకేవాడు.

"ఏమే పిల్లా, లగ్గానికి గూడ గా బుర్ర గట్టుకొనే పోతవా?"

"పోత. నీ లగ్గానికే పోత. నువ్వు బాయిల వడ్తె నిన్ను గుంజనీకి," అనేది అక్క, నీళ్ళు ఉమ్ముతూ.

కాక మెట్టు మీద బీడీ తాగుతూ నవ్వేవాడు. చెయ్యి ఎట్లా వేయాలో, కాలు ఎట్లా కొట్టాలో ఆయన చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. "నీళ్ళతోని కొట్లాడకు. జర ఇడువు" అనేవాడు, అంతే.

ఆయన నేర్పే తీరు వేరుగా ఉండేది. గోనెసంచులు కుట్టే దబ్బనం ఎర్రగా కాల్చి, ఎవరూ చూడకుండా బుర్రకు సన్నని తూటు పెట్టేవాడు. నీళ్ళు కొద్దికొద్దిగా లోపలికి దిగేవి. నాలుగు రోజులకు ఇంకో తూటు. బుర్ర తేల్చే బలం తగ్గుతున్న కొద్దీ వీపుకు కట్టుకున్న మనిషి తనకు తెలియకుండానే ఆ తరుగును చేతులతో పూడ్చుకునేది. ఆఖరికి బుర్ర నిండా నీళ్ళుండేవి, మనిషి తేలుతూ ఉండేది. అప్పుడు కాక ఆ మనిషిని పక్కకు పిలిచి తాడు విప్పి, బుర్ర వంచి, నీళ్ళు పారబోసి చూపించేవాడు, ఈత రానివాళ్ళకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునేవాడు. ఆ రోజు ఆ ఇంట్లో బెల్లం పంచేవారు.

ఇట్లాంటివి రాస్తుంటే ఆ రోజులన్నీ మంచివే అనిపిస్తుంది. కంకర లారీ వెనక గొలుసు పట్టుకొని వేలాడాము, ఉట్నూరు జీపు మీద మూటల నడుమ కూర్చొని అడవి దాటాము, పత్తి కుప్పలోకి మెడ దాకా దిగబడి నవ్వాము. ఏమీ కాలేదు. ఏమీ కానివాళ్ళమే ఇప్పుడు చెప్పుకుంటున్నాము. తర్వాత నేను పత్రికలో పనిచేసిన ఏళ్ళలో ప్రతి ఎండాకాలం బావిలో మునిగిన పిల్లల వార్తలు నా బల్ల మీదికి వచ్చేవి. నాలుగు వాక్యాలకు మించేవి కావు. వాటిని దిద్దుతున్నప్పుడు నా కాళ్ళకు ఆ రెండు రకాల నీళ్ళూ తగిలేవి.

అక్క కూడా ఆ నాలుగు వాక్యాల దాకా పోయి వచ్చింది.

ఆ రోజు ఆమె మెట్ల నుంచి ఎదురుగోడ దాకా పోయి, తిరిగి వస్తూ బావి నడుమ ఉంది. గింజలు నాని చప్పుడు ఆగిపోయిన సంగతి ఆమె గమనించలేదు. ఆమె అంత చక్కగా ఈదడం నేను అంతకు ముందు చూడలేదు. బావ గట్టు మీది నుంచి వంగి చూశాడు. సంతోషం పట్టలేకపోయాడు.

"ఓ పిల్లా, నీ బుర్రల నీళ్ళు నిండినయే. అది తేలుతలేదు, నువ్వే తేలుతున్నవ్."

అక్క చెయ్యి వెనక్కి పెట్టి బుర్రను తడుముకుంది. అంతదాకా ఆడుతున్న చేతులు ఆగిపోయాయి. కేక కూడా వేయకుండా నిలువునా దిగిపోయింది. కాక బీడీ నోట్లో ఉండగానే దుంకాడు. జుట్టు పట్టి మెట్ల మీదికి లాగాడు. అక్క దగ్గింది, నీళ్ళు కక్కింది.

"నీ నోట్ల మన్నువడ, ఇంకో రెండు దినాలు ఊకుంటే నీదేం పోయేదిరా?" అన్నాడు కాక.

"మంచిగనే చెప్పిన గద మామా," అన్నాడు బావ. వాడి ముఖం తెల్లబోయింది.

అక్క కాక వైపు చూసింది. "నన్ను మోసం జేసినవ్ కాక."

"మా బాపు నాకు గట్లనే నేర్పిండు. మీ బాపుకు గట్లనే. అందరం మోసపోయినోళ్ళమే బిడ్డా."

ఆ మాట అక్కకు ఎక్కలేదు. తర్వాత ఆమె బావి దగ్గరికి రాలేదు. కాక పిలిచాడు, నేను బతిమాలాను. తెలియకుండా వచ్చిన ఈత తెలియగానే పోయిందని ఆమె నమ్మకం. సెలవులు అయిపోయి బావ కరీంనగర్ పోయాడు. పోయేటప్పుడు అక్క కోసం అరుగు దగ్గర కాసేపు ఆగి బస్సెక్కాడు. అవ్వ బోథ్ అంగడిలో ఆకుపచ్చ వోణీ కొనుక్కొచ్చి దండెం మీద వేసింది. అక్క దాని కింది నుంచి తల వంచుకొని పోయేది. సాయంత్రాలు పడమర మొగులు కమ్మేది, గాలి లేచేది, చినుకు రాలేది కాదు. ఇల్లంతా వాన కోసం చూస్తుంటే, వద్దని చూస్తున్నది ఆమె ఒక్కతే.

ఒకనాడు బాపు, కాక విత్తనాల కోసం బోథ్ పోయారు. పొద్దున్నుంచే ఉక్కగా ఉంది. అన్నాలు తిన్నాక అక్క గోడకు వేలాడుతున్న బుర్రను దించింది.

"నడువ్," అంది నాతో.

"కాక లేడు గద."

"లేడనే పోతున్న."

బావి మెట్లు దిగి ఆమె మొదట బుర్రను నీళ్ళలో ముంచి పట్టుకుంది. తూట్లలోంచి బుడగలు వచ్చాయి, తగ్గాయి, ఆగిపోయాయి.

"నింపుతున్నవెందుకే?"

"నిండిందని ఎరికై కట్టుకుంట."

తాడు నా చేతనే కట్టించింది. ఇంకో తాడు నడుముకు చుట్టుకొని దాని కొస నాకిచ్చి, "మునిగితే గుంజు" అంది. ఆమె మునిగితే నేను కూడా ఆమె వెంట బావిలోకి పోయేదాన్ని. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

నీళ్ళలోకి జారింది. గోడ వదిలింది. ముఖం బిగబట్టి, నీళ్ళతో కొట్లాడుతూ పోయింది. నడిమికి పోయాక ఏమైందో, భుజాలు వదులయ్యాయి. ఎదురుగోడను అరచేత్తో చరిచి తిరిగింది. వచ్చేటప్పుడు నీళ్ళ చప్పుడు కూడా సరిగ్గా వినబడలేదు. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. మెట్టు పట్టుకొని వీపు నాకు తిప్పింది. తాళ్ళు రెండూ విప్పాను. బుర్రను నా ఒళ్ళో పెట్టి గట్టెక్కింది.

గట్టు మీద చాలాసేపు నిలబడింది. ఆమె వెనక మొగులు నల్లగా ఉంది. లంగా గోచీ పోసి కట్టింది. ముక్కు మూసుకోలేదు. కాళ్ళు దగ్గర పెట్టి ఎగిరింది. పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. నీళ్ళు విరిగి, మూసుకొని, మళ్ళీ విరిగి అక్క తల బయటికి వచ్చింది. ఆమె నవ్వుతోందని కూడా అప్పుడు నాకు తెలియలేదు. పళ్ళు మాత్రం కనిపించాయి.

"ఏందే గా సప్పుడు?"

పైమెట్టు మీద అవ్వ. ఎండబోసిన మిరపకాయలు ఎత్తడానికి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. అవ్వ ఆ బావి దగ్గరికి రావడం నేనెన్నడూ చూడలేదు. అక్క గోడకు ఆనుకొని ఉండిపోయింది. నవ్వు పోయింది.

"అక్క గట్టు మీదికెల్లి దుంకింది," అన్నాను నేను. దాచే వీలు లేదు.

అవ్వ గట్టు వైపు చూసింది, బావిలోకి చూసింది. మొగులు వైపు కూడా చూసింది. ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి నా పక్కన తడిమెట్టు మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తుకుంది.

"నేను సూడలే," అంది. "ఇంకోపారి దుంకు."

"కొట్టవు గద?"

"జల్ది దుంకు. మిరపకాయలు తడుస్తయ్."

అక్క మెట్లెక్కి మళ్ళీ గట్టు మీదికి పోయింది. ఈసారి ఆగలేదు. నీళ్ళు లేచి మా ఇద్దరి మీద పడ్డాయి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే అవ్వ ముఖం నిండా నీళ్ళు, కాళ్ళు పిక్కల దాకా బావిలో. ఆమె వాటిని వెనక్కి తీసుకోలేదు.