హాల్లో సముద్రం, కిటికీలో కరివేపాకు

టెక్సస్‌లోని కాపెల్‌లో ఉండే నరసింహది ఏసీలు బాగుచేసే పని. ఇంజనీరింగ్ చదవలేదు, స్క్రూడ్రైవర్ పట్టుకుని నేర్చుకున్నాడు. ఉపన్యాసాలిచ్చే మనుషుల్ని చూస్తే అతని చెవులు వాటంతటవే మూసుకుంటాయి. అదే ఎక్కడైనా మోటారు మూలిగిందంటే పక్కింట్లోంచైనా లేచి వస్తాడు. అలాంటి మనిషి పంతొమ్మిది వందల ఎనభై ఆరులో హాల్లో సముద్రం కట్టుకున్నాడు.

కట్టుకున్నాడంటే నిజంగానే కట్టాడు. ఉప్పునీటి చేపల ట్యాంకుకి అద్దాలు తనే అతికించాడు. ప్లాస్టిక్ సొరుగుల అడుగున చిల్లులు పెట్టి, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి నీళ్ళు జల్లులా రాలేటట్టు ఫిల్టర్ చేశాడు.

"ఏవండీ, అవి నా చీరలకని కొన్న సొరుగులు కదూ?" అంది భార్య భానుమతి.

"చీరలకి ఊపిరి అక్కర్లేదు భానూ."

వేళ్ళలా ఊగే మెత్తని పగడం ఒకటి హ్యూస్టన్‌లో కొన్నారు. వచ్చేటప్పుడు కారు భానుమతి నడిపింది. నరసింహ పగడాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా భార్యని ఒక చూపు చూశాడు.

ఏడాది బాగానే గడిచింది. మరుసటి వేసవిలో రాళ్ళకి పచ్చటి గడ్డం మొలిచింది. పీకితే మళ్ళీ మొలిచింది. పగడం వేళ్ళు ముడుచుకుని వాలిపోయింది.

భానుమతి ఒక్కటే మాట చెప్పింది. "శ్రావణంలో మనింట్లో సత్యనారాయణ వ్రతం. ఊరంతా వస్తారు. అప్పటికి ఆ పాచి పోకపోతే ట్యాంకు గరాజ్‌లోకి వెళ్తుంది."

టెక్సస్ వేసవిలో గరాజ్ అంటే పొయ్యి మీది పెనమే. పగడం ఒక్క పూట కూడా బతకదని నరసింహకి తెలుసు.

ఆదివారం భోజనానికి వచ్చిన డాక్టర్ శ్రీధర్ అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. "నరసింహగారూ, ఇది ఇన్‌ఫెక్షనే. ఎరిత్రోమైసిన్ వేసి చూడండి."

నరసింహ ట్యాంకులో చెయ్యి పెట్టి ఒక కుచ్చు పీకి డాక్టర్ అరచేతిలో పెట్టాడు. "లాగండి."

"తెగట్లేదే!"

"మీరు చెప్పిన మందు ఎర్ర పాచికి. అది పాల మీద మీగడలా ఊడొస్తుంది. కొత్త ట్యాంకులో పట్టే గోధుమరంగు పొడి వేలితో తుడిస్తే పోతుంది. ఇది పీచు నాచు. దీనికి ఎవరో తిండి పెడుతున్నారు."

"ఎవరో మరి?"

"అదే తేలాలి" అన్నాడు నరసింహ. శ్రీధర్ చెయ్యి కడుక్కుంటూ, "దొంగ దొరికితే కబురు చేయండి" అని నవ్వాడు.

నరసింహ వేట మొదలుపెట్టాడు. టూత్‌బ్రష్‌తో రాళ్ళు రుద్దాడు. లైటు వెలిగే గంటలు తగ్గించాడు. చేపలకి సగం మేతే వేశాడు. నత్తల్ని తెచ్చి వదిలితే అవి పండగ చేసుకున్నాయి. అయినా వాటి నోటి కంటే నాచుకే వేగం ఎక్కువ. ఉప్పు ప్యాకెట్‌ని అనుమానించాడు, బల్బుని అనుమానించాడు, ఊరి కుళాయి నీళ్ళని కూడా వదల్లేదు. తన వంటిల్లు తప్ప టెక్సస్ మొత్తాన్ని అనుమానించాడు.

ఒక శనివారం వంటింటి సింకులో బ్రష్ కడుగుతుంటే కిటికీలో కుండీ కంటబడింది. భానుమతి కరివేపాకు మొక్క అది. ఒక్క రెమ్మ కోసం అవతలి ఊరు ప్లేనో నుంచి కూడా జనం వచ్చేవారు. ఇప్పుడు చూస్తే ఆకులు పసుపుపచ్చగా ఉన్నాయి.

"భానూ, కరివేపాకు పాలిపోయిందేం?"

"దానికి పోయడం మానేశాగా. మీ సముద్రానికి పోస్తున్నా."

నరసింహ కుళాయి కట్టేశాడు. "ఏమిటి పోస్తున్నావు?"

"బియ్యం కడిగిన నీళ్ళు. ఈ వేసవి మొదట్లో మీరేగా, ట్యాంకులో నీళ్ళు ఇగిరిపోతే నింపమన్నారు. ఉప్పు లేని నీళ్ళే పొయ్యమన్నారు. వీటిల్లో ఉప్పుందా?"

"లేదు."

"మరింకేం? పైగా ఆ పగడం వాలిపోతుంటే జాలేసి ఇంకాస్త ఎక్కువే పోశా. ఈ నీళ్ళు పోస్తే కరివేపాకు ఎలా ఏపుగా వస్తుందో మీకు తెలీదా? అదీ మొక్కేగా!"

"అది జంతువు భానూ."

"జంతువా! ఆ మాట నాకెప్పుడైనా చెప్పారా?"

చెప్పలేదు. ఫిల్టర్ చేస్తున్నప్పుడు సొరుగులతో గంటలకొద్దీ మాట్లాడుకున్న మనిషి, భార్యకి మాత్రం ఒక్క ముక్క చెప్పి పనిలోకి వెళ్ళిపోయాడు. మంచి పనివాడు కొలత సగమే చెప్పి పైపు కోయమనడు కదా అనుకున్నాడు.

భానుమతి ట్యాంకు వైపు చూసింది. "అయితే ఆ గడ్డం పెంచింది నేనేనా?"

"నువ్వే."

"బలమైన నీళ్ళే కదూ?"

నరసింహకి ఒప్పుకోక తప్పలేదు. "చాలా బలమైనవి."

ఆ రోజు నుంచి కడుగు నీళ్ళు కరివేపాకుకీ, కొట్లో కొన్న డిస్టిల్డ్ వాటర్ ట్యాంకుకీ వెళ్ళాయి. ఉన్న నాచంతా చేత్తో పీకాడు, పాత నీళ్ళు సగానికి సగం తోడేసి కొత్త ఉప్పునీళ్ళు పోశాడు. ఈసారి పీకిన చోట మళ్ళీ మొలవడానికి నాచుకి ఓపిక చాల్లేదు. నత్తలు దాన్ని అందుకున్నాయి.

వ్రతం నాటికి రాళ్ళ వెనక నాలుగు వెంట్రుకలు మిగిలాయి. ముందువైపు మాత్రం పగడం వేళ్ళన్నీ విప్పి ఊగుతోంది. పీటల మీద కూర్చున్నంతసేపూ నరసింహ చూపు దాని మీదే. పంతులుగారు రెండుసార్లు అతన్ని పేరుపెట్టి పిలవాల్సి వచ్చింది.

కథ అయ్యాక శ్రీధర్ అద్దం దగ్గర చేరాడు. "చివరికి ఎరిత్రోమైసినే వేశారన్నమాట!"

నరసింహ నోరు తెరిచేలోగా ప్రసాదం పళ్ళెంతో భానుమతి వచ్చేసింది. "మందూ లేదు మాకూ లేదు డాక్టర్‌గారూ. వేసవంతా నేను పెట్టిన బలం ఇప్పుడు వంటబట్టింది. అంతేనాండీ?"

నరసింహ పగడం వైపు చూశాడు. తర్వాత గరాజ్ తలుపు వైపు చూశాడు.

"అంతే" అని, ప్రసాదానికి చెయ్యి చాపాడు.