మెడ గొట్టం దగ్గర అతుకు

మా చిన్నాన్న కొడుకు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. రోలుగుంట దగ్గర చెరకు, వరి పండిస్తాడు. నేను చోడవరంలో బడిపంతుల్ని. అందుకని ఇంటిల్లిపాదికీ బుద్ధులు చెప్పే హక్కు నాకుందనుకునేవాణ్ణి.

పోయిన చెరకు కోతలప్పుడు తమ్ముడు నా పాత మోటారు సైకిలు వారం రోజులకని అడిగి తీసుకెళ్లాడు. ఆ వారం నేను మా ఆవిడ స్కూటీ మీద తిరిగాను. బండి తిరిగొచ్చాక ఎక్కితే ఎడమవైపు లాగుతోంది. పశువులకు చెరకాకు మోపులు ఒకే పక్కన కట్టి తోలి ఉంటాడని నాకు నేనే తేల్చేసుకున్నాను. వాణ్ణి అడగలేదు.

ఆ తర్వాత చీడికాడలో, వాళ్ల అత్తవారింట్లో, వాడి కొడుకు బారసాల. భోజనాలయ్యాక అరుగు మీద అందరం కూర్చున్నాం. కొత్త ట్రాక్టరు తాళం చిన్నల్లుడికే, అంటే మా తమ్ముడికే, ఇద్దామనుకుంటున్నానని వాళ్ల మామగారు అన్నారు. నా నోరు ఊరుకోలేదు.

"జాగ్రత్త బాబూ, చెరకు మోపులేసి నా బండి నడుం విరగ్గొట్టేడు," అన్నాను.

అందరూ నవ్వారు. తమ్ముడు తల దించుకున్నాడు. నెల తిరక్కుండా ట్రాక్టరు పెద్దల్లుడి ఇంటికి చేరింది.

వేసవి సెలవుల్లో బండిని మా వీధి చివర మోటారు సైకిళ్లు బాగుచేసే మేస్త్రి దగ్గరికి తోసుకెళ్లాను. పెద్దాయన. బండిని స్టాండు వేసి నిలబెట్టి, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా రెండు పక్కలా నూలుదారం లాగి కట్టాడు. ముందు టైరు సన్నం కాబట్టి దారానికీ టైరుకీ మధ్య రెండువైపులా సమానంగా సందు ఉండాలట. కుడిపక్క దారం టైరును ఒరుసుకుంటోంది. ఎడమపక్క రెండు వేళ్లు పడుతున్నాయి. చక్రాలు విప్పి చూశాడు, వాటిలో తప్పు లేదు. టాంకు దించి, హ్యాండిలు కూర్చునే మెడ గొట్టం దగ్గర రంగు గీకాడు.

"ఇది మొన్నటి వంపు కాదు బాబూ. ఈ అతుకు సూడు. ఎప్పుడో ఇరిగితే అతికించి రంగేసేరు," అన్నాడు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రంగు వేయించింది నేనే. పెళ్లికి ముందు, గోవాడ నుంచి వస్తూ చెరకు బళ్ల గాడిలో పడ్డాను. నాన్నకు తెలిస్తే మళ్లీ బండి ముట్టుకోనివ్వరని అనకాపల్లిలో అతికించి, సర్వీసు చేయించానని చెప్పాను. ఆ లాగుడు నా చేతులకు ఎంత అలవాటైపోయిందంటే, వారం స్కూటీ తోలితే గానీ మళ్లీ తెలియలేదు. తెలిశాక నేరం తమ్ముడి నెత్తిన వేశాను.

మేస్త్రి మెడ గొట్టంలో పొడుగాటి ఇనుప కడ్డీ దూర్చి వంచాడు. దారం కట్టి చూశాడు, ఎక్కువైంది. ఇటు లాగాడు. మూడోసారికి రెండు పక్కలా సందు సమానమైంది. ఈలోగా నేను తమ్ముడికి ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చి అతుకు చూశాడు. పాత సంగతంతా చెప్పాను.

"తీసుకెళ్లిన రోజే లాగిందన్నయ్యా. నీకు తెలిసే ఉంటాదనుకున్నాను," అన్నాడు.

"మరి ఆవేళ అరుగు మీద అనలేకపోయేవా?"

"మావగారి ముందు నువ్వబద్ధమాడతన్నావని ఏటని సెప్పను?"

"తప్పయిపోయింది," అన్నాను. మేస్త్రి మాకు వీపు తిప్పి స్పానర్లు సర్దుకుంటున్నాడు.

"నాకు సెప్తే ఏటి లాభం? సీడికాడొచ్చి ఆయనకి సెప్పు," అన్నాడు తమ్ముడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

ఆదివారం వస్తానన్నాను. నాలుగు ఆదివారాలు పోయాయి. ఒకసారి జ్వరమని, ఒకసారి పెళ్లి ఉందని, ఒకసారి వానని సాకు. పోయిన ఆదివారం చీడికాడ ఊళ్లోకి వెళ్లాను కూడా. వాళ్ల వీధి మలుపులో బండి ఆపి, అరుగు మీద ఆ పెద్దమనిషి కూర్చుని ఉండటం చూసి, వెనక్కి తిప్పుకొచ్చేశాను. ఎప్పుడొస్తావని తమ్ముడు ఇంతవరకూ అడగలేదు.