ఎనుముతో చెప్పుకున్న సంగతులు

ఆ రోజుల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడికి ఎండ తగలదని మా ఊళ్లో ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఊరిది కాదు, నాదేనని ఇప్పుడు అనిపిస్తుంది. లేకపోతే చిత్తిర నెల ఎండలో, కోవిల్‌పట్టికీ ఎట్టయాపురానికీ మధ్యనున్న మా నల్లరేగడి పల్లెలో, నల్ల ఉన్నికోటు తొడుక్కుని ఎద్దులబండి దిగుతానా? నాకప్పుడు ఇరవై ఏళ్లు. విరుదునగరంలో (పాతవాళ్లు ఇంకా విరుదుపట్టి అనే పిలిచేవాళ్లు) ఒక చిన్న బడిలో మేష్టరునయి ఏడాది దాటింది. క్రాపు ఉండేది. మీసం కూడా ఉండేది. వెలుతురులో పక్కకు తిరిగి నిలబడితే కనిపించేది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, అద్దం ముందు ఇంగ్లీషు మాట్లాడుకునేవాణ్ణి.

పత్తి తీతలయ్యాక మా చుట్టుపక్కల పది ఊళ్లూ కలిసి ఏటా ఒక ప్రదర్శన పెట్టేవి. మావాళ్లు దాన్ని ‘కాట్చి’ అనేవాళ్లు. ఖాళీ అయిన పత్తిచేలో పందిళ్లు వేసి, కొమ్ములకు రంగులు పూసిన ఎడ్లను ఒక వైపు, తాటాకు పెట్టెలూ నూలు వడికే ఆడవాళ్లూ ఒక వైపు, బొమ్మలాటవాళ్లు ఒక వైపు. నూనె రాసిన స్తంభం ఎక్కి జారిపడేవాళ్లకు మాత్రం చోటు ఎక్కడైనా ఉండేది. పిల్లాజెల్లా అందరూ పొద్దున్నే సద్దిమూటలతో వచ్చి పొద్దుగూకేదాకా కదిలేవాళ్లు కాదు. ఆ ఏడు నేను రావడానికి రెండు పెద్ద కారణాలు ఉన్నాయి. ఒకటి, ప్రదర్శన తెరవడానికి వచ్చే అధికారికి స్వాగతపత్రం చదివేది నేనే. రెండోది, నాకు ఇవ్వాలనుకుంటున్న పిల్ల ఏళాయిరంపన్నై నుంచి తన తండ్రితో, చెల్లెలితో వస్తోంది. తాటాకు పెట్టెల పోటీలో తను కూర్చుంటుంది. కోటులో నన్ను చూస్తుంది. ఆ తర్వాత మాట్లాడుకోవడానికి ఏముంటుందిలే అని నా ధైర్యం.

మూడో కారణం మా అమ్మది. దానికీ నాకూ సంబంధం ఉంటుందని నాకు తెలియదు. మా అమ్మకు ఒక ఎనుము ఉండేది. గేదెను మావాళ్లు ఎనుమనే అంటారు. పాల పోటీలో దాన్ని నిలబెడతానని అమ్మ మూడు నెలల ముందే ఊరంతా చెప్పేసింది. కారణం చుట్టమామ. (చుట్టం కాబట్టి వచ్చిన పేరు కాదు, నోట్లో చుట్ట ఆరదు కాబట్టి.) పక్క ఊళ్లో ఉండి ఏటా తన ఎనుమునూ పోటీలో నిలబెట్టే ఆయన, మా ఎనుము పూటకు మూడు పడుల పాలు ఇస్తుందని అమ్మ అన్నప్పుడల్లా, “బాయి కూడా దగ్గరే గదమ్మా, నీళ్లు కలుపుకొనేకి” అని నవ్వేవాడు. ఆ నవ్వు అమ్మకు పత్తిగింజలో రాయిలా ఉండేది.

ప్రదర్శన రోజు తెల్లవారి నేను అద్దం ముందు కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే పెరట్లోంచి కేక వినబడింది. దాణాకోసం పత్తిగింజల గోనెలో చెయ్యి పెట్టిన అమ్మను తేలు కుట్టింది. మేం వెళ్లేసరికి కుడిచెయ్యి పట్టుకుని నేలమీద కూర్చుంది. నాయన మందాకు నూరి కట్టు కట్టాడు. వేళ్లు వంకాయల్లా ఉబ్బాయి. కళ్లనిండా నీళ్లు. ఆ నీళ్లు నొప్పికి కావని మొదటి మాటకే తెలిసిపోయింది.

“యా చేత్తో పిండేది ఇప్పుడు? చుట్టోడు ఊరంతా చెప్పుకోని నవ్వుతాడే!”

నాయన గేదెవైపు చూసి, గేదె నాయనవైపు చూసి, ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు. రెండేళ్ల కిందట అది తన్నిన తన్నుకు ఆయన మోకాలు ఇంకా వాన వచ్చే ముందు సలుపుతుంది. అక్క అత్తగారింట నిండుచూలాలు. అవ్వకు గొంతుక్కూర్చుంటే లేవడం కష్టం. గేదె చూస్తే అమ్మను తప్ప ఎవరినీ దగ్గరకు రానివ్వదు. అప్పుడు అవ్వ, గోడకానుకుని వక్క నములుతూ, అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

“దానికి మొగము తెలీదు. చీర వాసన తెలుసు. ఆయమ్మ చీర వీండు కట్టుకొంటే పాలు చేపుతాది.”

‘వీండు’ అంటే నేనే. పన్నెండేళ్లు వచ్చేదాకా దీని తల్లికి పాలు పిండింది నేనేనని అవ్వే గుర్తు చేసింది. నేను స్వాగతపత్రం గురించి చెప్పాను, కోటు గురించి చెప్పాను, ఏళాయిరంపన్నై గురించి చెప్పలేక నీళ్లు నమిలాను. అమ్మ ఉబ్బిన చేతిని ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది. అడిగి ఉంటే కాదనేవాణ్ణేమో. అడగలేదు.

స్వాగతపత్రం సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే త్వరగానే అయిపోయింది. నేను మూడో వాక్యంలో ఉండగా పక్కన ఇద్దరు కుర్రాళ్లు స్తంభంమీంచి ఒకరిమీద ఒకరు జారిపడ్డారు. జనమంతా అటు పరిగెత్తారు. అధికారి కూడా మెడ అటు తిప్పాడు. మిగతా పదిహేను వాక్యాలూ నేనూ, పందిరి గుంజకు కట్టిన ఒక మేకపోతూ విన్నాం. కోటులోపల చెమట కాలువ కట్టింది. ఏళాయిరంపన్నై పిల్ల ఎక్కడుందా అని చూస్తే, తాటాకుల మధ్య వంచిన తల ఎత్తనే లేదు.

మధ్యాహ్నం దాటాక పాల పోటీ. తాడు కట్టి గేదెకొక గుండ్రటి బరి చేశారు. లోపల గేదె, పిండే మనిషి, బరి బరికీ తిరిగి పాలు కొలిచే పశువుల డాక్టరు. మరెవరూ అడుగు పెట్టకూడదు. బండిచాటున అవ్వ నా కోటు విప్పించి, ఎగగట్టిన పంచెమీదే అమ్మ చీర చుట్టింది. రోజూ కొట్టంలో కట్టుకునే ముతక చీర, పేడా తవుడూ పొగా కలిసిన వాసన. అమ్మ నా భుజందాకా కూడా రాదు, కాబట్టి చీర నా మోకాళ్లకిందికి రానంది. కొంగు ముసుగు వేసుకుని బరిలోకి నడిచాను. జనంలోంచి ఎవరో అన్నారు.

“ఏ ఊరి కోడలురా ఈయమ్మ? పిక్కలు చూడు, మా ఎద్దుకి ఉండవు!”

డాక్టరు అరవాయన, పుస్తకంలో రాసుకోవడానికి తల ఎత్తకుండానే “ఉన్ పేరెన్నమ్మా?” అని అడిగాడు. నేను నా పేరు చెప్పాను. ఆయన కలం ఆగింది. కొంగుకింద మీసం చూశాడు (ఆ మీసం ఎదుటివాడికి సూటిగా కనబడింది ఆ ఒక్కసారే). తన కాగితాలు ఇటూ అటూ తిప్పి, చీర కట్టకూడదని ఎక్కడా లేదని తేల్చి, కూర్చోమన్నాడు. తాడుకు అవతల చుట్టమామ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆయన పక్కనే ఏళాయిరంపన్నై పిల్ల తండ్రి. నవ్వడం లేదు. అది ఇంకా భయంగా ఉంది.

నేను గొంతుక్కూర్చుని, పొదుగు కడిగి, చెంబు మోకాళ్లమధ్య పెట్టుకున్నాను. గేదె నన్ను వాసన చూసింది. తన్నలేదు. కానీ చేపలేదు. లాగితే చేతికి ఒక్క చుక్క రాలేదు. చుట్టుపక్కల బరుల్లో చెంబుల్లోకి ధారలు సరసరమని పడుతున్నాయి.

“మాట్లాడరా దాంతో!” తాడు అవతలినుంచి అమ్మ. “నేను దినమూ మాట్లాడతా ఉండే. మాట ఇనకుంటే చేపదు.”

“ఏం మాట్లాడేది?”

“నేను చెప్తా, నువ్వు చెప్పు. ఏమ్మా నా తల్లీ, నీళ్లు తాగినావా?”

“ఏమ్మా నా తల్లీ, నీళ్లు తాగినావా?” అన్నాను, బడిలో ఎక్కాలు చెప్పే గొంతుతో. జనం ఘొల్లుమన్నారు. గేదె చెవి మాత్రం ఇటు తిరిగింది.

“అట్ల గాదురా, మెల్లగ! నా బాద ఎవురితో చెప్పుకొందును?”

“నా బాధ ఎవరితో చెప్పుకొందును?”

“నాకొక కొడుకుండాడు.”

ఇక్కడ నేను తల తిప్పి అమ్మను చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. ఉబ్బిన చేతిని గుండెకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, కొట్టంలో ఉన్నట్టే ఉంది. చుట్టూ పది ఊళ్లున్నాయన్న సంగతి మరిచిపోయింది.

“నాకొక కొడుకుండాడు,” అన్నాను. జనం కడుపులు పట్టుకున్నారు.

“విరుదుపట్టిలో ఉద్దోగం. కాయితం రాయరా అంటే రెండు నెలలకొకటి రాస్తాడు. అందులో ‘ఇక్కడ సుకము, అక్కడ సుకమా’ అని రెండే మాటలు. తిన్నాడా, పడుకొన్నాడా, ఎవురితో నవ్వినాడు, ఒకటీ రాయడు. ఆ రెండు మాటలికి నేను పక్కూరిదాకా నడిచిపోయి చదివించుకోని వస్తా.”

ముక్కలు ముక్కలుగా అన్నీ చెప్పాను. గేదె తోక ఆడించడం మానేసింది. నా చేతికింద పొదుగు కొంచెం మెత్తబడింది. నవ్వులు పలచబడ్డాయి. ముందు వరసలో ఒకావిడ ముక్కు తుడుచుకుంటోంది. ఆమెకూ ఒక కొడుకు ఉండి ఉంటాడు.

“పోయినేడు నెయ్యి తీసుకోని పోతిని వానికాడికి. వాండు బళ్లో ఇంకొక ఐవోరుతో నిలబడుండాడు. ఆయన అడిగె, ఎవురీయమ్మ అని. అరవంలోనే అడిగె. నాకు అరవం రాదా? వాండు చెప్పె... మా ఊరి ఆయమ్మ అని.”

నేను ఆపేశాను. ఆ రోజు బాగా గుర్తుంది. అమ్మ వినలేదనుకున్నాను. నెయ్యిచెంబు నా చేతికిచ్చి, “బండికి టయమాయె” అని నవ్వుతూ వెళ్లిపోయింది. రోజుకు రెండుసార్లు గేదెతో ఏడాదిపాటు ఆ సంగతి చెప్పుకుంటోందని నాకేం తెలుసు?

“ఆపొద్దురా, చెప్పు! ఆపితే పాలు ఎగబిగిస్తాది!”

చెప్పాను. “నా కొడుకు... నన్ను... మా ఊరి ఆయమ్మ అని చెప్పినాడు.” ఆ గొంతు నాది కాదు. ఎక్కడినుంచో వచ్చింది. వెంటనే గేదె పొడుగ్గా ఊపిరి వదిలి చేపింది. పాలు అలా ఇలా రాలేదు. చెంబు నిండి, డాక్టరు ఇంకో చెంబు ఇచ్చాడు. నేను పిండుతూనే ఉన్నాను. ముసుగు ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. కింద చెంబులో నురగ ఉందో, నా కళ్లలో నీళ్లున్నాయో తేలకుండా ఉంది.

మాకు రెండో బహుమతి, మావాళ్ల మాటలో పరిసు, వచ్చింది. మొదటిది సాత్తూరు దారిలోని ఒక ముసలావిడ గేదెకు. చుట్టమామది మూడోది. డాక్టరు ఆ మాట అరిచి చెప్పినప్పుడు మా అమ్మ ముఖం చూసినవాళ్లెవరూ తేలు కుట్టిన మనిషి అనుకోరు. చుట్టమామ చుట్ట తీసి, “నీళ్లు గాదులేమ్మా, పాలే” అని ఒప్పుకున్నాడు. బహుమతిగా ఇచ్చిన ఇత్తడి బిందెను అమ్మ ఎడమచంకలో ఎత్తుకుంది. అప్పుడే అధికారి గుమాస్తా వచ్చి, స్వాగతపత్రం చదివిన మేష్టరు ఈయనేనా అని ఆశ్చర్యపోతూ, “ఈ అమ్మ ఎవరు?” అని నన్ను అరవంలో అడిగాడు. “ఎంగమ్మా,” అన్నాను. మా అమ్మ. అంత గట్టిగా అనవలసిన పని లేదు. బొమ్మలాటవాళ్లు కూడా ఇటు చూశారు. అమ్మ మాత్రం బిందెకు అంటిన దుమ్ము తుడవడంలో మునిగిపోయినట్టు నటించింది.

చీర విప్పి బండి చక్రం దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఏళాయిరంపన్నై పిల్ల చెల్లెలు వచ్చింది. పదేళ్లుంటాయి, చేతిలో బెల్లం మిఠాయి.

“మాయక్క అడగమనింది. ఎనుముతో చెప్పినవన్నీ నిజమేనా?”

అబద్ధం చెప్పడానికి మంచి అవకాశం. ఆటకు అన్నానని అనొచ్చు. “నిజమే,” అన్నాను.

అది పరిగెత్తి వెళ్లి, మళ్లీ పరిగెత్తి వచ్చింది. “అట్లయితే సరేనంట. మానాయన, చీర కట్టినోనికి పిల్లనెట్ల ఇచ్చేది అంటా ఉండాడు. మాయక్క, పది ఊర్లముందర తప్పు ఒప్పుకొన్న మొగోణ్ణి నువ్వు ఎప్పుడైనా చూసినావా నాయనా అని అడిగె. మానాయన ఇంకా ఆలోచన చేస్తా ఉండాడు.” మిఠాయి ఒక ముక్క కొరికి, “మాయక్క పెట్టెకి మొదటి పరిసు వచ్చింది, తెలుసునా?” అని తోక తగిలించి పోయింది. పందిరివైపు చూశాను. ఈసారి తల ఎత్తే ఉంది. నవ్వుతోంది. ఏ నవ్వో తేల్చుకోవడానికి నాకు నాలుగు నెలల తర్వాత ఆవణిలో పెళ్లయ్యేదాకా పట్టింది.

మర్నాడు పొద్దున్న కోవిల్‌పట్టిలో రైలెక్కాను. సీకాయతో రెండుసార్లు తోముకున్నా గేదె వాసన వదల్లేదు. నా బల్లమీద కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు చూసుకుని, ముక్కులు సవరించుకుని, అవతలి బల్లకు మారారు. బల్లంతా నాదే అయింది. కాళ్లు చాపి, చెయ్యి తలకింద పెట్టుకున్నాను. సాత్తూరు దాటడం తెలియలేదు. విరుదునగరంలో బండి ఆగడం, బడిగంట కొట్టే వేళ కావడం, ఏదీ తెలియలేదు. తిరుమంగలంలో టిక్కెట్టు పరీక్షకుడు భుజం తట్టి లేపి, దించేసి, ఎదురుబండి మధ్యాహ్నానికి అన్నాడు. హెడ్మాస్టరుకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ ఆ ప్లాట్‌ఫారంమీద నాలుగు గంటలు కూర్చున్నాను. మూడుసార్లు నవ్వొచ్చిందని గుర్తు.

ఇప్పుడు, ఈ ముసలితనంలో, నిద్ర తక్కువైంది. రైల్లో కూడా ప్రతి స్టేషనుకూ కళ్లు తెరుచుకుంటాయి. అప్పుడప్పుడు ఆ బల్లమీద నోరు కొంచెం తెరుచుకుని పడుకున్న కుర్రవాడు కనబడతాడు. వాడికి పెళ్లి కుదురుతుందో లేదో తెలియదు, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు, అయినా ముఖంమీద ఎంత నెమ్మది! ఎదుటి బల్లమీద నేనే ఉంటే, విరుదునగరం వచ్చినా వాణ్ణి లేపను.