నారాయణమ్మ నవ్వుల పుస్తకాలు

మా పక్కింటి నారాయణమ్మ మెత్తని మనిషని చౌడేపల్లెలో అందరూ అంటారు. వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు?

మా చిన్నప్పుడు టీవీలో ‘చిల్లరకొట్టు చిట్టెమ్మ’ అని ఒక నవ్వుల సీరియల్ వచ్చేది. ఆ కథల్నే బొమ్మల పుస్తకాలుగా కూడా వేశారు. సీరియల్ ఆగిపోయింది, పుస్తకాలూ ఆగిపోయాయి. నారాయణమ్మ మాత్రం ఆగలేదు. మదనపల్లె బస్టాండు దగ్గర, పుంగనూరు సంతలో, కుప్పంలో పాత సామాన్లమ్మే గుజిరీ అంగళ్ళలో వెతికి వెతికి పెట్టె నిండా కూడబెట్టింది. ఆవుల పని ముగించుకుని ఒకటి తీసి చదువుతూ ఒక్కతే పకపకా నవ్వేది. మొగుడు పోయాక ఆ ఇంట్లో నవ్వు వినబడిందంటే ఆ పుస్తకాల వల్లే.

ఆ నవ్వే తోడికోడలు అమరావతికి గిట్టలేదు. “మొగుడు పోయినోళ్ళకు ఆ సకిలింపేంది?” అని నలుగురిలో అనేది.

పోయిన నెల నారాయణమ్మ ఆవుల్ని చూడమని అమరావతికి తాళంచెవి ఇచ్చి, కుప్పంలో చెల్లెలింటికి పోయింది. తిరిగొచ్చేసరికి పెట్టె ఖాళీ. అమరావతి పట్టుపురుగులు సాకుతుంది. పురుగుల్ని కొత్త తట్టల్లోకి మార్చేటప్పుడు కింద కాగితం పరుస్తారు. ఊళ్ళో పాత పేపర్లకు కరువా? లేదు. అయినా ఆ మహాతల్లి ఈ పుస్తకాలన్నీ చించి పరిచింది.

నారాయణమ్మ వెంట నేనూ అమరావతి షెడ్డుకు పోయాను. తట్టల నిండా చిట్టెమ్మ బొమ్మలు, వాటి మీద మల్బరీ ఆకు, ఆకు మీద పురుగులు. గుమ్మంలోనే కలరా ఉండల వాసన గుప్పుమంది. పుస్తకాలకు పురుగు పట్టకూడదని నారాయణమ్మ పెట్టెలో వాటిని గుప్పెళ్ళతో వేసేది. పట్టుపురుగు ఘాటు వాసనకు తట్టుకోలేదు. పౌడరు రాసుకున్న మనిషినే షెడ్డులోకి రానీయరు. అమరావతికి జలుబు, ముక్కు పనిచేయడం లేదు.

“ఏందమ్మే, అట్ల సూస్తాండావు? సిత్తు కాగితాలే గదా!” అంది.

నేను నోరు తెరవబోతే నారాయణమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఔనక్కా, కాగితాలే,” అని నన్ను బయటికి లాక్కొచ్చింది.

ఇంటికొచ్చి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. “పురుగులు సస్తాయి గదమ్మా, సెప్పొద్దా?” అన్నాను.

“సావనీ,” అంది.

నిజం చెప్పొద్దూ, నాకూ చెప్పబుద్ధి కాలేదు. అమరావతిని తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది.

రెండు రోజుల్లో పురుగులు మేత మానేశాయి. తర్వాత పంటంతా పోయింది. తట్టలు దిబ్బలో కుమ్మరిస్తుంటే, జలుబు తగ్గిన అమరావతికి అప్పుడు తగిలింది వాసన. కాగితం ముక్క పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“నీకు ముందే తెలుసు గదే! ఒక్క మాట యాల సెప్పలేదే, పాపిష్టిదానా?”

నారాయణమ్మ ఆవుకు మేత వేస్తూ, తల కూడా తిప్పలేదు.

“అడిగింటే సెప్పేదాన్నక్కా. నువ్వు అడక్కుండానే తీసుకుంటివి గదా.”